"మరియు బృందం" అంటే ఎవరు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

రెండు సంచికల కిందట, పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో మేం నడిపిన పాటల బృందం గురించి ఈ శీర్షికలో నాలుగు మాటలు రాశాను. దానిమీద వచ్చినన్ని ఉత్తరాలు ఇంతవరకు మరి దేనిమీదా రాలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఒక్క ముక్క. మాది నెల్లూరు. పెళ్లయి 1974లో మద్రాసు వచ్చాను. మావారు రైల్వేలో చేసేవారు, నేను జార్జిటౌన్‌లో ఒక తెలుగు బడిలో తెలుగు టీచర్ని. 1979 నుంచి 2003 దాకా ఆ బృందంలో పాడాను. చివరి పదకొండేళ్లు నేర్పించే పని కూడా నామీదే పడింది.

*

ప్రశ్న: చెన్నైలో బృందగానం ఎప్పటినుంచి ఉంది? అందులో మన తెలుగువాళ్ల వాటా ఎంత?
– ఒక పాఠకురాలు, వేలచ్చేరి

అమ్మా, ఈ ఊళ్లో వాటాలు తేల్చడం కష్టం. పాట తెలుగుది, పాడేది తమిళులు, హార్మోనియం వాయించేది మలయాళీ. మా బృందమే అలా ఉండేది. కాకపోతే పాట ఏయే దారుల్లో వచ్చిందో చెప్పగలను.

అన్నిటికన్నా పాతది భజన. ధనుర్మాసంలో, ఇక్కడివాళ్ల మార్గళిలో, తెల్లవారకముందే మైలాపూరు మాడవీధుల్లో భజనగోష్ఠి కదులుతుంది. తమిళ వాగ్గేయకారులు పాపనాశం శివన్ గారు ఏళ్ల తరబడి ఆ గోష్ఠిని నడిపించారు. మన త్యాగరాజస్వామి దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు ఒకసారి పాడి చూడండి. చాలావాటిలో చరణాలు ఎన్ని ఉన్నా వరస ఒకటే. మొదటి చరణం చెవిన పడితే చాలు, రెండోదానికి జనం అందుకుంటారు. పదిమంది కలిసి పాడుకోవడానికే కట్టిన పాటలవి. ఆ కట్టుబడిలోనే ఆ సంగతి తెలుస్తుంది.

త్యాగరాజస్వామి పంచరత్నాలు అనగానే ఇవాళ మనకి వందలమంది కూర్చుని ఒక్క గొంతుగా పాడటం కళ్లకి కడుతుంది. అది మనం అనుకున్నంత పాత ఆచారం కాదు. తిరువైయ్యారులో అంతకుముందు విడివిడిగా ఆరాధన చేసుకుంటున్న వర్గాలు 1940 ప్రాంతంలో ఒక్కటయ్యాక మొదలైంది. ఆ వర్గాల్లో ఒకటి బెంగుళూరు నాగరత్నమ్మ గారు ఆడవాళ్ల కోసం నడిపినది. ఆడవాళ్లకి అక్కడ పాడే అవకాశం ఇవ్వని రోజుల్లో, మద్రాసులో పాడి సంపాదించుకున్న డబ్బుతో స్వామి సమాధి ఉన్న స్థలం కొని గుడి కట్టించిన మనిషి ఆవిడ. 1952లో పోయారు. ఆ అయిదు కృతుల్లో నాట రాగంలోది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. అంటే ఏటా అంత పెద్ద బృందగానం జరిగేది ఎక్కువగా మన భాషలో. పాడేవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది మాత్రం తెలుగు కాదు. వాటా లెక్క అడిగారు కాబట్టి ఇది చెప్పాను.

రెండోది చర్చి దారి. మద్రాస్ మ్యూజికల్ అసోసియేషన్ 1893లో పుట్టింది. పాశ్చాత్య పద్ధతిలో నాలుగు గొంతుల పాట, అంటే ఒకే పాటని నాలుగు వేరువేరు వరసల్లో కలిపి పాడటం, ఈ ఊళ్లో ఇన్నేళ్లు నిలిచిందంటే అలాంటి సంఘాల వల్లే. ఎగ్మూరులో సెయింట్ ఆండ్రూస్ చర్చి ఉంది, 1821 నాటిది. అక్కడ ఆర్గాన్ వాయించిన హ్యాండెల్ మాన్యుయెల్ గారి పేరు పాత మద్రాసువాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. ఇక తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పాట ఎంత గట్టిగా నాటుకుందో నేను మా బడిలో కళ్లారా చూశాను. పంతొమ్మిదో శతాబ్దపు పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు మన రాగాల్లోనే ఉంటాయి. అవి ఇంట్లో పాడుకుంటూ పెరిగిన పిల్లలకి పక్కవాళ్లతో గొంతు కలపడం ఎవరూ నేర్పక్కర్లేదు.

మూడోది రేడియో. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చేదాకా కోస్తావాళ్లకైనా సీమవాళ్లకైనా తెలుగు పాట మద్రాసు నుంచే రావాలి. బాలాంత్రపు రజనీకాంతరావు గారు 1941లో ఇక్కడే ఉద్యోగంలో చేరారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఆయన కట్టిన పాటని టంగుటూరి సూర్యకుమారి గారు పాడింది కూడా ఈ కేంద్రం నుంచే.

నా చిన్నప్పుడు నెల్లూరులో మా నాన్నగారి పక్కన కూచుని రేడియో వినేదాన్ని. పాట అయ్యాక అనౌన్సర్ చెప్పేవారు: "పాడినవారు ఫలానా, మరియు బృందం." బృందం అంటే ఎవరు నాన్నా అని అడిగాను. "పాడగలిగినవాళ్లమ్మా" అన్నారు. ఆ జవాబు నాకు అప్పుడు చాలలేదు, ఇప్పుడూ చాలడం లేదు. కింద ఇంకో ప్రశ్నకి జవాబులో మళ్లీ ఈ మాట దగ్గరికే వస్తాను.

*

ప్రశ్న: సంగీత దర్శకులు ఎం.బి. శ్రీనివాసన్ గారు తెలుగువారని మా మావయ్య, కాదు తమిళులని మా ఆవిడ. ఏది నిజం?
– ఒక పాఠకుడు, అంబత్తూరు

పుట్టింది చిత్తూరులో, 1925 సెప్టెంబరు 19న. పేరు ముందున్న 'ఎం' మానామదురై, అది తమిళనాడులో ఊరు. పేరు ఎక్కువగా వచ్చింది మలయాళ సినిమాల్లో. మీ మావయ్యగారూ, మీ ఆవిడా ఇద్దరూ ఆయన్ని తమవాడు అనుకోవచ్చు.

ఏసుదాసు గారి చేత మొదటి సినిమా పాట పాడించింది ఈయనే. 1961 నవంబరు 14న, ఇక్కడే భరణీ స్టూడియోలో. భరణీ అంటే మన భానుమతి, రామకృష్ణ గార్లది. కులం వద్దు, మతద్వేషం వద్దు అన్న శ్రీ నారాయణ గురు పద్యం అది. తెలుగువాళ్ల స్టూడియోలో, చిత్తూరులో పుట్టిన తమిళుడు, ఒక మలయాళీ కుర్రాడి చేత పాడించాడు. మద్రాసంటే నాకు ఇదే.

అయినా నా మనసులో ఆయన చేసిన పెద్ద పని సినిమా పాట కాదు, మద్రాస్ యూత్ క్వైర్. క్వైర్ అంటే పలు గొంతులు కలిసి పాడే బృందం. ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడే ఉద్యమాల్లోకి, ఇప్టా పాటల్లోకి వెళ్లారు. ఇప్టా అంటే ఇండియన్ పీపుల్స్ థియేటర్ అసోసియేషన్, పాటతో నాటకంతో జనంలోకి వెళ్లిన సంఘం. మన వైపు ప్రజానాట్యమండలి ఎలాగో దేశం మొత్తానికి ఇప్టా అలాగ. రెండూ 1943లో పుట్టినవే. సలీల్ చౌధురి గారు బొంబాయిలో యూత్ క్వైర్ పెట్టారు, 1958లో కలకత్తాలోనూ ఒకటి వచ్చింది. ఇక్కడ ఆ పని శ్రీనివాసన్ గారు చేశారు. ఆయన చుట్టూ చేరినవాళ్లు ఉద్యోగాలు చేసుకుంటూ, చదువుకుంటూ సాయంత్రాలు వచ్చి పాడినవాళ్లు. తమిళ కవి భారతియార్ పాటలతో పాటు రకరకాల భారతీయ భాషల పాటల్ని నాలుగు గొంతులకి పంచి పాడించారు. చర్చికి వెళ్లనివాళ్లకి, ఇంగ్లీషు పాట రానివాళ్లకి కూడా హార్మనీ, అంటే వేరువేరు వరసల్ని ఒకేసారి కలిపి పాడటం, అందింది ఆయన వల్లే. 1980లలో ఎన్‌సీఈఆర్‌టీ బడిపిల్లల చేత అన్ని భాషల పాటలూ కలిసి పాడించే కార్యక్రమం పెట్టినప్పుడు అందులోనూ పనిచేశారు.

ఆ క్వైర్ పాడగా నేను విన్నది ఒక్కసారే, 1984లో. ముందు వరసలో కూచున్నాను. ముప్పైమంది నోళ్లు కదులుతున్నాయి, ఏ గొంతు ఎవరిదో పోల్చుకుందామని చూశాను, చేతకాలేదు. ఇంటికొచ్చి ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

1988 మార్చి 9న లక్షద్వీప్‌లో పోయారు. అరవై రెండేళ్లు. ఆయన పోయినా ఆ బృందం ఆగలేదు.

*

ప్రశ్న: ఎనిమిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. మా ఆఫీసు క్వైర్‌లో చేరమంటున్నారు. హార్మనీ పాడితే గమకాలు (స్వరాన్ని ఊపి పాడటం) పోతాయి, వద్దు అంటున్నారు మా టీచరు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యను?
– ఒక పాఠకురాలు, తరమణి

ముందు నేను హార్మనీని మొదటిసారి ఎలా విన్నానో చెప్తాను. 1980 డిసెంబరులో మా బడిలో లెక్కల టీచరు నన్ను క్రిస్మస్ పాటలకి వాళ్ల చర్చికి తీసుకెళ్లింది. నన్ను తన పక్కనే కూచోబెట్టుకుంది. పాట మొదలైంది. నాకు తెలిసిన వరసే, బడిలో పిల్లలు పాడేదే. కానీ నా పక్కన ఈవిడ పాడేది ఆ వరస కాదు. ఏదో కిందుగా, రెండు మూడు స్వరాల మీదే తిరుగుతోంది. పాట మర్చిపోయిందేమో అనుకున్నాను. ఇంతలో వెనక వరసలోంచి మగవాళ్ల గొంతు ఇంకా కిందనుంచి వచ్చి తగిలింది. ఈవిడ ఒక్క స్వరం పైకి జరిగింది. అంతే, అప్పటిదాకా విడివిడిగా వినపడ్డవన్నీ తలుపు గడియ పడినట్టు కలిసిపోయాయి. నా మోచేతుల మీద రోమాలు లేచాయి. ఆవిడ పాడింది ఆల్టో, అంటే ఆడవాళ్లలో కింది గొంతు, అని తర్వాత చెప్పింది.

తేలిగ్గా చెప్పాలంటే ఒక గొంతు స మీద నిలబడుతుంది, ఇంకొకటి గ మీద, మరొకటి ప మీద. పాట నడుస్తున్నకొద్దీ ముగ్గురూ ఎవరి దారిన వాళ్లు కదులుతారు, కానీ ఒకరినొకరు వదలరు. మన కచేరీలో అందరం ఒకే వరస వెంట నడుస్తాం. ఇక్కడ పక్కనున్నవాళ్ల వరస మనది కాదు, అయినా అది వినకపోతే మనది నిలవదు.

మీ టీచరుగారి భయం ఊరికే పుట్టింది కాదు. హార్మనీకి కదలని స్వరం కావాలి. మన గాంధారాన్ని పదిమంది పదిరకాలుగా ఊపితే మిగతా రెండు గొంతులకీ ఆనడానికి చోటుండదు. తోడి రాగంలో గాంధారం ఊగకపోతే అది తోడి రాగమే కాదు. అందులో హార్మనీ పెట్టాలని మేం రెండు నెలలు కష్టపడి వదిలేశాం. శంకరాభరణం, మోహన, హంసధ్వని అయితే హాయిగా ఒదుగుతాయి. గమకం ఉన్నచోట అందరం ఒకే వరస, స్వరం నిలిచినచోట విడిపోవడం, మేం పట్టుకున్న పద్ధతి ఇది.

ఇది పరాయిది అనుకుంటే మాత్రం ముత్తుస్వామి దీక్షితులవారిని గుర్తు తెచ్చుకోండి. మద్రాసు పక్కన మణలిలో ఉన్న రోజుల్లో ఇంగ్లీషువాళ్ల బ్యాండు వరసలు విని, శంకరాభరణ స్వరాల్లో సంస్కృతంలో నలభైకి దగ్గరగా నొట్టుస్వర సాహిత్యాలు రాశారు. తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఇక్కడే వయొలిన్ నేర్చుకున్నారు. ఇవాళ వయొలిన్ లేని కచేరీ ఉందా?

చేరండి. పొద్దున సాధన మానకండి, క్వైర్ సాయంత్రం పెట్టుకోండి. ఆరు నెలలయ్యాక మీ టీచరుగారికి ఒక వర్ణం పాడి వినిపించండి. ఏమైనా తేడా వచ్చిందేమో ఆవిడే చెప్తారు. నాకైతే మేలే జరిగింది. క్వైర్ పాటకి ముందు నేను నా శ్రుతి వినేదాన్ని కాదు, పెట్టె శ్రుతి వినేదాన్ని.

*

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో తొమ్మిదిమంది ఆడవాళ్లం, అయిదుగురు మగవాళ్లు కలిసి అన్నమయ్య కీర్తనలు పాడుతున్నాం. మా శ్రుతికి మగవాళ్లు అరవాల్సి వస్తోంది, వాళ్ల శ్రుతికి మా గొంతు వినపడటం లేదు. దారి చెప్పండి.
– పోరూరు నుంచి ఒక పాఠకురాలు

హార్మోనియం మెట్ల లెక్కలో, మామూలుగా మగవాళ్ల శ్రుతి ఒకటి, ఒకటిన్నర. ఆడవాళ్లకి అయిదు, అయిదున్నర. మధ్యలో ఎక్కడో కలుసుకోవాలి. మేం చాలా తంటాలు పడి రెండున్నర దగ్గర ఆగాం. అంతకన్నా దించితే ఆడవాళ్లకి మంద్రం (కింది స్వరాలు) అందదు, నాలుగు దాకా ఎక్కిస్తే మగవాళ్లకి తారస్థాయి (పై స్వరాలు) అందదు. రెండున్నరలో కూడా ప్రతి పాటా కుదరదు. పైన ఎక్కువసేపు తిరిగే చరణం ఆడవాళ్లకి వదిలెయ్యండి, కింద తిరిగేది మగవాళ్లకి ఇవ్వండి, పల్లవి అందరూ అందుకోండి. గొడవ సగం తీరుతుంది.

శ్రుతిపెట్టె గురించి కూడా ఒక మాట. 1986లో శ్రీరామనవమికి ఒక గుళ్లో పాడుతున్నాం. కరెంటుతో నడిచే శ్రుతిపెట్టె మేం అప్పటికి కొత్తగా కొన్నాం. మూడో పాట మధ్యలో కరెంటు పోయింది. మైకూ లేదు, పెట్టే లేదు. మాకు పాటలు నేర్పే మాస్టారు ఆపొద్దని చెయ్యి ఊపారు. రెండు చరణాలు చీకట్లోనే పాడాం, బాగానే పాడుతున్నాం అనుకున్నాం. కరెంటు వచ్చింది. పెట్టె తన చోట తను మోగింది. మేం దానికి అర శ్రుతి పైగా కిందకి దిగిపోయి ఉన్నాం. పదమూడుమందిమీ, ఒక్కరికీ తెలియకుండా. ముందు కూచున్న ఒక పెద్దాయన చెవి మూసుకున్నారు. మాస్టారు పాట ఆపించి, శ్రుతి విని, మళ్లీ పల్లవి నుంచి ఎత్తుకున్నారు. ఆ రాత్రి బస్సులో ఎవరం మాట్లాడుకోలేదు.

తర్వాత శనివారం నుంచి సాధన మారింది. పల్లవికి పెట్టె ఉంటుంది, చరణానికి మాస్టారు ఆపేస్తారు, మళ్లీ పల్లవికి వేస్తారు. ఎంత దిగామో అప్పటికప్పుడే తెలిసిపోతుంది. దిగేటప్పుడు కొంచెం ఎక్కువ దిగుతాం, ఎక్కేటప్పుడు కొంచెం తక్కువ ఎక్కుతాం, అలసిన కొద్దీ ఇంకా. గుంపులో అయితే అందరం కలిసే దిగుతాం కాబట్టి ఎవరికీ తప్పు వినపడదు. మీరూ వారానికి ఒక పాట ఇలా పాడి చూసుకోండి.

*

ప్రశ్న: మా తెలుగు సంఘం పాటల బృందానికి వచ్చే సంక్రాంతికి పాతికేళ్లు. సావనీర్‌కి చరిత్ర రాసే పని నాకు అప్పగించారు. మా దగ్గర రెండు గ్రూప్ ఫోటోలు, ఒక షీల్డు తప్ప ఏమీ లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, అన్నానగర్

తమ్ముడూ, షీల్డు పక్కన పెట్టు. ఫోటోలు తీసుకో.

ఫోటోలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి, వెనకవైపు మెత్తటి పెన్సిల్‌తో ఒక్కొక్కరి పేరు రాయి. ఇంకు వద్దు, ముందుకి ఊరుతుంది. పేరు తెలియనివాళ్ల దగ్గర ఖాళీ ఉంచు. ఆ ఖాళీలు పూరించడానికి తిరగడం మొదలుపెడితే చరిత్ర దానంతట అదే వస్తుంది.

మా బృందానికి ఒక నోటుబుక్కు ఉంది. గోధుమరంగు అట్ట, పొడుగు పుస్తకం, రైల్వే ఆఫీసుల్లో వాడే రకం. మాస్టారు గుమాస్తా కాబట్టి ప్రతిదానికీ హాజరు తీసుకునేవారు. మొదటి పేజీ మీద 1979 జూలై 14, శనివారం అని ఉంది. కింద పదకొండు సంతకాలు. పక్కన గడిలో ఆ రోజు పాడిన పాట, చివరి గడిలో శ్రుతి. ఇరవై నాలుగేళ్లలో అలాంటివి నాలుగు పుస్తకాలయ్యాయి. మొత్తం ముప్పై ఎనిమిదిమంది. కొందరు పద్నాలుగేళ్లు ఉన్నారు, ఒకావిడ రెండే రెండు శనివారాలు వచ్చింది. ఎవరి పేరు ఎప్పుడు ఆగిపోయిందో చూస్తే చాలు, ట్రాన్స్‌ఫర్లు తెలుస్తాయి. అరక్కోణం, జోలార్‌పేట, పొన్మలై. ఆడవాళ్ల పేర్లు ఆర్నెల్లు ఆగి మళ్లీ మొదలైతే ఆ ఇంట్లో పురుడో, పరీక్షలో, అత్తగారికి జబ్బో అయి ఉంటుంది. ఇవన్నీ చరిత్ర కాదా?

పాటల కాగితాలు కూడా వెతికించు. మా దగ్గర మొదట్లో అన్నీ కార్బన్ కాపీలు. కింద నాలుగు కార్బన్లు పెట్టి బాల్‌పెన్నుతో నొక్కి రాసేదాన్ని. చివరి కాపీలో అక్షరాలు నీలం పొగలా ఉండేవి. కొత్తగా చేరినవాళ్లకి ఆ కాపీయే దక్కేది. అందుకని వాళ్లు పాట కంఠతా పట్టేసేవారు, పైకాపీ వాళ్లు చివరిదాకా కాగితం చూసే పాడేవారు.

మా బృందంలో నలుగురు తమిళ ఆడపడుచులు ఉండేవారు. వాళ్ల కాగితాలు వేరే. తెలుగు పాటని తమిళ లిపిలో రాసుకునేవారు. ఆ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ఊరికే రాసుకుంటే 'గగనం' కాస్తా 'కకనం' అవుతుంది. అందుకని అక్షరం నెత్తిన చిన్న అంకె వేసుకుంటారు. గ అయితే 3, ఘ అయితే 4. తమిళంలో అచ్చయిన కీర్తనల పుస్తకాల్లోనూ ఈ పద్ధతి ఉంది. అలాంటి కాగితం ఒకటి నా దగ్గర ఉంది, పాట అంతా అంకెల పూసల దండలా ఉంటుంది. ఆవిడకి తెలుగు చదవడం రాదు, కానీ ఇరవై ఏళ్లలో ఒక్క ఒత్తక్షరం తప్పు పలకలేదు. మీ బృందంలోనూ ఇలాంటి మనిషి ఉండే ఉంటారు. ఆ కాగితం ఫోటో తీసి సావనీర్‌లో పూర్తి పేజీ వెయ్యి. సంఘం అధ్యక్షులవారి సందేశం సగం పేజీలో సర్దుకుంటుంది.

క్యాసెట్లు దొరికితే వెంటనే డిజిటల్ చేయించు. ఈ ఊరి చెమ్మకి టేపు మీద బూజు పడుతుంది. బూజు పట్టిన టేపుని ఇంట్లో టేప్‌రికార్డర్‌లో వేసి చూడకు, తెగుతుంది. తెలిసినవాళ్లకి ఇవ్వు. చందా పుస్తకం ఉంటే అది కూడా తీసుకో. మాది నెలకి రెండు రూపాయలు. హార్మోనియం బాగుచేయించినది, మైకు అద్దె, కాఫీ పొడి, అన్నీ అందులో ఉన్నాయి.

పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు "చరిత్ర చెప్పండి" అని అడగకు. "ఏముంది నాయనా" అంటారు. వాళ్లు పాడిన పాట మొదటి లైను నువ్వు ఎత్తుకో. మా బృందంలో మొదటినుంచీ ఉన్న ఒకావిడ దగ్గరికి పోయినేడు వెళ్లాను. నన్ను గుర్తుపట్టలేదు, కూతురు పేరు కూడా తడుముకుంటోంది. నేను పక్కన కూచుని పల్లవి పాడాను. ఆవిడ పల్లవి అందుకోలేదు. రెండో గొంతు అందుకుంది. మాస్టారు 1982లో తనకి ఇచ్చిన వరస, కింద గాంధారం మీద నిలబడి, ఎక్కడ జరగాలో సరిగ్గా అక్కడే జరిగింది. పాట అయ్యాక నా చెయ్యి పట్టుకుని "తరవాతి శనివారం వస్తావు కదా" అంది.

తగాదాలు రాయాలా అని కూడా నీ ఉత్తరంలో అడిగావు. వాళ్లు ఒప్పుకుంటే రాయి. మా బృందం 1991లో దాదాపు విడిపోయింది. కారణం పాట కాదు. ఒక సభవాళ్లు మా కార్యక్రమం అయ్యాక పుస్తకం అచ్చేశారు. అందులో మాస్టారి పేరు పెద్దక్షరాల్లో వేసి, కింద "మరియు బృందం" అని ఊరుకున్నారు. పదిహేనుమందిమి పాడాం. పేర్లు రాసి ఇచ్చాం కూడా. చోటు లేదన్నారట. మా మాస్టారు ఆ పుస్తకం కాపీలు తీసుకోకుండా వచ్చేశారు, అయినా కొందరి మనసు విరిగింది. ముగ్గురు మానేశారు. నాకు మాత్రం నెల్లూరులో మా నాన్నగారిని అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. ఆ పదం వెనక ఉన్నది ఈసారి మేమే.

కాబట్టి నీ సావనీర్‌లో అందరి పేర్లూ వెయ్యి. రెండు వారాలు వచ్చి మానేసినవాళ్లవి కూడా. పేరు పక్కన ఏ గొంతు పాడారో, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా ఉన్నారో రాయి. హార్మోనియం మోసినవాళ్లు, హాలు తాళం తీసినవాళ్లు కూడా అందులో ఉండాలి. చోటు సరిపోకపోతే ప్రకటనలు తగ్గించమని కమిటీతో గట్టిగా చెప్పు. మా ముప్పై ఎనిమిదిమంది పేర్లు నా పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి. వాళ్లని అడక్కుండా పత్రికలో వెయ్యడం బాగుండదని ఇక్కడ ఇవ్వలేదు. ఒక్కొక్కరినీ అడుగుతున్నాను, ఇప్పటికి పంతొమ్మిదిమంది సరే అన్నారు.

నాలుగో పుస్తకంలో చివరి పేజీ 2003 నవంబరు 15. ఆరు సంతకాలు. పాట గడి ఖాళీ. శ్రుతి గడిలో నా చేతిరాతతో "వాన" అని ఉంది.

*

ప్రశ్న: నాకు అరవై ఆరేళ్లు. చిన్నప్పుడు "నువ్వు పాడకు" అన్నారు, మానేశాను. ఇప్పుడు పాడాలని ఉంది. నాలాంటివాళ్లని ఎవరైనా చేర్చుకుంటారా?
– కొళత్తూరు నుంచి ఒక పాఠకురాలు

చేర్చుకుంటామమ్మా. కిందటేడు నుంచి మేం మళ్లీ కలుస్తున్నాం, పాతవాళ్లం నలుగురు, కొత్తవాళ్లు అయిదుగురు. శనివారం సాయంత్రం అయిదింటికి, పెరంబూరులోనే. కొళత్తూరు నుంచి ఎంతో దూరం లేదు. మీ ఫోన్ నంబరు పత్రిక ఆఫీసుకి రాసి పంపండి, నేనే చేస్తాను.

మొదటి నెల ఊరికే పక్కన కూచుని వినండి. పాడాలనిపించినప్పుడు పాడండి. కళ్లజోడు, ఒక నోటుబుక్కు తెచ్చుకోండి. హాజరు పుస్తకం అయిదోది మొన్ననే కొన్నాను. అందులో పొట్టి సంతకం పెట్టకండి, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాయండి.